రైలు విడిచిన బాటలో

మా ఊరు మర్రిగూడకు రైలు లేదు. రైలు ఎక్కాలంటే నల్లగొండకో హైదరాబాదుకో వెళ్ళవలసిందే. అటువంటి ఊరివారమైన మేము యాభై ఏడవ ఏట, రైలు నడవని ఒక రైలుమార్గం మీద సైకిలు తొక్కి వచ్చాము. ఈ సంగతి మదరసాలో చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు. తోటి ఉస్తాదులు మాత్రం నవ్వలేదు. ‘ఈ వయసులో సైకిలు ఎందుకు మౌలానా’ అని అడిగారు. ఆ ప్రశ్నకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాము.

మా పెద్దమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని ఎక్సెటర్ అనే నగరంలో ఉంటారు. అల్లుడు అక్కడి ఆసుపత్రిలో వైద్యుడు. వారి పిలుపు మేరకు పోయిన వేసవిలో మేము, మా శ్రీమతి రెండు నెలల కోసం వెళ్ళాము. మే నెలాఖరులో మనవరాలి బడికి వారం రోజుల సెలవు వచ్చింది. అందరం కలిసి కార్న్‌వాల్ అనే సముద్రతీర ప్రాంతంలో పాడ్‌స్టో అనే చిన్న రేవు ఊరికి వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాము. అక్కడ ఆ కాలంలో పగలు ఎంత దీర్ఘమంటే, ఇషా నమాజు వేళయ్యేసరికి రాత్రి పదకొండు దాటేది; కన్ను మూసి తెరిచేలోగా ఫజ్ర్. నిద్ర చాలని కళ్ళతోనే ఆ నాలుగు రోజులూ గడిచాయి.

పాడ్‌స్టో నుండి వేడ్‌బ్రిడ్జ్ అనే పట్టణం వరకు, అక్కడి నుండి బాడ్మిన్ దాటి వెన్‌ఫర్డ్ వరకు, ఒక నది వెంట సుమారు 29 కిలోమీటర్ల బాట ఉంది. దాని పేరు ‘క్యామెల్ ట్రైల్’. పేరు వినగానే ఆరేళ్ళ మనవరాలు ‘నానా, ఒంటె ఎక్కడ?’ అని అడగడం మొదలుపెట్టింది. నిజానికి ఒంటెకూ ఆ పేరుకూ సంబంధం లేదు. నది పేరు క్యామెల్. ఆ సీమ పాత భాష కార్నిష్‌లో ‘కామ్’ అంటే వంకర అని అర్థమట. వంకరలు తిరిగే నది కనుక ఆ పేరు. పసిదానికి ఇదంతా చెప్పినా నమ్మలేదు. దారి పొడుగునా ఒంటె కోసం వెతుకుతూనే ఉంది.

ఈ బాట చరిత్రను అల్లుడు చెప్పగా విన్నాము, అక్కడి ఫలకాల మీద కొంత చదివించుకున్నాము. 1834లో, అంటే మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడవడానికి 19 సంవత్సరాల ముందే, బాడ్మిన్‌కూ వేడ్‌బ్రిడ్జ్‌కూ మధ్య ఆవిరి రైలు నడిచింది. దేనికోసమో తెలుసా? ముఖ్యంగా ఇసుక కోసం! ఆ నది సముద్రంలో కలిసే చోట ఇసుకలో గవ్వల పొడి నిండి ఉంటుంది. అందులో సున్నం ఎక్కువ. లోపలి పొలాల పుల్లని నేలకు అదే ఎరువు. మన రైతులు చెరువు పూడికమట్టిని బండ్లమీద పొలాలకు తోలుకున్నట్లు, వారు సముద్రపు ఇసుకను రైలుమీద తోలుకున్నారు. తరువాత 1899లో పట్టాలను పాడ్‌స్టో వరకు పొడిగించారు. చేపలు లండనుకు వెళ్ళేవి, లండను నుండి సెలవులు గడిపేవారు వచ్చేవారు. మోటారు కార్లు, లారీలు పెరిగాక రైలుకు నష్టాలు వచ్చాయి. 1963లో ఆ దేశ రైల్వే అధిపతి డాక్టర్ బీచింగ్ ఒక నివేదిక ఇచ్చి, రెండు వేలకు పైగా స్టేషన్లనూ, దాదాపు 5,000 మైళ్ళ మార్గాన్నీ మూసివేయాలని సూచించారు. ఆ కాలపు మూసివేతల్లో 1967 జనవరిలో పాడ్‌స్టోకు రైలు ఆగిపోయింది. పై భాగంలో తెల్లమట్టి మోసే గూడ్సు మాత్రం 1983 దాకా నడిచిందట.

పట్టాలు తీసివేశాక ఆ నేలను అమ్మి ముక్కలు చేయలేదు. కంకర, మట్టి అదిమి చదును చేసి, నడిచేవారికీ సైకిళ్ళకూ గుర్రపు స్వారీకీ వదిలారు. కార్లకు ప్రవేశం లేదు. మన నల్లమలలోనూ మీటరుగేజీ రైలును పెద్ద గేజీకి మార్చినప్పుడు విడిచిపెట్టిన పాత దారి ఉంది. బొగద దగ్గర దొరబావి వంతెన స్తంభాలు లోయలో ఒంటరిగా నిలిచి ఉంటాయి. వాటిని చూసి ఫోటోలు తీసుకునేవారే తప్ప ఆ దారిన నడిచేవారు ఎందరు? హైదరాబాదు చుట్టూ ఉన్న అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, పైన సౌర ఫలకాలతో కప్పు కట్టిన మాట నిజమే. అయితే అది నగరం వారి సంగతి. పల్లెలో సైకిలు ఇప్పటికీ లారీల మధ్యనే ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరుగుతున్నది.

సైకిళ్ళు కిరాయికి ఇచ్చే దుకాణాలు పాడ్‌స్టోలోనూ వేడ్‌బ్రిడ్జ్‌లోనూ ఉన్నాయి. మేము ముందు రోజు రాత్రి అల్లుడితో ‘మా వల్ల కాదు బాబూ’ అన్నాము. కారణం వయసు కాదు, మా ఊరి నీళ్ళు. మర్రిగూడ పేరు చెప్పగానే తెలిసినవారికి గుర్తుకు వచ్చేది ఫ్లోరైడు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. మా బాల్యంలో తాగిన బావినీళ్ళలో, బోరునీళ్ళలో అది ఎంతో ఎక్కువ. మా నేల కింది గ్రానైటు నుండి అది నీటిలోకి దిగుతుంది. నీళ్ళు చూస్తే తేటగా ఉంటాయి, రుచికి తియ్యగా ఉంటాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ వెన్ను, మెడ, మోకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. మాతో కలిసి ఓనమాలు దిద్దినవారిలో నిటారుగా నిలబడలేనివారు ఉన్నారు. అల్లాహ్ దయవల్ల మాకు అంత రాలేదు. మెడ పూర్తిగా తిరగదు, మూడేళ్ళుగా నమాజు కుర్చీ మీదనే. ఇప్పుడు కృష్ణా నీళ్ళు ఇళ్ళకు వస్తున్నాయి, మా మనవల పళ్ళు తెల్లగా ఉన్నాయి. కానీ ఎముకల్లో ఒకసారి చేరినది అంత సులువుగా పోదు.

అల్లుడు చెప్పిన మాట ఇది: ‘మామూ, సైకిలు మీద బరువు సీటు మీద ఉంటుంది, మోకాళ్ళ మీద కాదు. ఎక్కుడు ఉంటేనే కష్టం. ఆ దారిలో ఎక్కుడు లేదు.’ ఎందుకు లేదో కూడా చెప్పారు. ఇనుప పట్టాల మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. నూరు అడుగుల దూరంలో ఒక్క అడుగు ఎత్తు పెరిగినా బరువైన రైలుకు అది చెప్పుకోదగిన ఎక్కుడే. అందుకే రైలుదారి వేసేవారు గుట్ట వస్తే తొలిచేవారు, పల్లం వస్తే కట్ట పోసేవారు, వాగు వస్తే వంతెన కట్టేవారు. అదంతా బొగ్గుబండి కోసం చేసిన శ్రమ. నూరేళ్ళ తరువాత దాని ఫలం పసిపిల్లలకూ, ముసలివారికీ, మావంటి బిగుసుకున్న కీళ్ళవారికీ దక్కింది. ఉదయం ఆ దారిలో ఒకాయన కూర్చుని చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద మమ్మల్ని దాటి వెళ్ళారు. ఆయన కాళ్ళకు దుప్పటి కప్పి ఉంది. మా మండలంలో ఇటువంటి బండ్లు పంచగా చూశాము. వాకిలి దాటగానే బండరాయి, ఆ పైన గుంత. చాలా బండ్లు చెట్టుకింద తుప్పు పట్టాయి. బండి ఇవ్వడం సులువు, అది నడిచే బాట ఇవ్వడం కష్టం.

ఇక అసలు విషయానికి వస్తాము.

ఉదయం దుకాణం ముందు నిలబడినప్పుడు, మాతో పాటు అల్లుడు వస్తారని అనుకున్నాము. ఆయన మా శ్రీమతిని కారులో ఎక్కించుకుని ‘మేము వేడ్‌బ్రిడ్జ్‌లో కలుస్తాము’ అని వెళ్ళిపోయారు. దుకాణదారు రెండు సైకిళ్ళు తెచ్చాడు. ఒకటి మాకు. రెండవదాని వెనుక ఒంటి చక్రపు పిల్లల సైకిలు తగిలించి, మనవరాలిని దాని మీద కూర్చోబెట్టాడు. మా అమ్మాయి దుపట్టా కొసలను బిగించి, పొడుగు కోటు అంచును ఒక క్లిప్పుతో పట్టించి, ఎడమకాలు నేలకు ఆన్చి, ఏళ్ళుగా చేస్తున్నట్లు సైకిలు ఎక్కింది. మేము చూస్తూ నిలబడిపోయాము. ‘రండి అబ్బా, ఎడమవైపు ఉండండి, ఎవరినైనా దాటేటప్పుడు బెల్లు కొట్టండి’ అంది, వెనక్కి చూడకుండా.

మా అమ్మాయికి మేము ఎన్నడూ సైకిలు నేర్పలేదు. నేర్పకపోవడం మాత్రమే కాదు, వద్దన్నాము. అది 2007. అప్పుడు మా నివాసం ఊరికి మూడు కిలోమీటర్ల దూరాన, మదరసా ఆవరణలోనే. అమ్మాయి ఎనిమిదో తరగతి, బడి ఊళ్ళో. తన తోటి ఆడపిల్లలు ఇద్దరు సైకిళ్ళ మీద వెళ్ళేవారు. మాకూ ఒక పాత సైకిలు ఉండేది, మధ్యాహ్నం దాకా గోడకు ఆనించే ఉండేది. తనకు నేర్పమని అడిగింది. మేము కూడదన్నాము. ఎందుకని అడిగితే, ఆడపిల్లకు అది ధర్మం కాదన్నాము. పన్నెండేళ్ళ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ‘ఆ కాలంలో ఆడవాళ్ళు ఒంటెలు ఎక్కారు కదా అబ్బా, మీరే చెప్పారు’ అంది. నిజమే, మేమే చెప్పాము. ఒంటెల మీద స్వారీ చేసే ఖురైషు స్త్రీలను దైవప్రవక్త (సల్లం) ప్రశంసించిన హదీసును ఆ వారమే పాఠంగా బోధించాము. హజ్రత్ ఆయిషా (రజి) ప్రయాణంలో ప్రవక్త (సల్లం) తో పరుగుపందెం వేసిన సంఘటన అబూ దావూద్ సంకలనంలో ఉంది. అదీ ఎన్నోసార్లు చెప్పాము. పిల్ల ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు. లేదు గనుక గొంతు పెంచాము.

మా మనసులో ఉన్నది వేరు. ‘మౌల్వీగారి కూతురు సైకిలు మీద బజారున పోతున్నదట’ అని ఎవరైనా అంటారేమోనన్న వెరపు. మదరసాకు చందా ఇచ్చే పెద్దలు ఏమనుకుంటారో అన్న లెక్క. పాఠకులు గమనించాలి, దారి క్షేమం గురించి ఆలోచించి వద్దని ఉంటే అది తండ్రి బాధ్యత. ఆ మాట మా నోట రానే లేదు.

ఆ ఏడాది వానలు ఎక్కువ. నడిచి వెళ్ళే పిల్ల బురదలో ఆలస్యమై, తడిసి, జ్వరాలు తెచ్చుకుంది. చాలా రోజులు బడి మానింది. చదువు పాడవుతున్నదని దసరా సెలవుల తరువాత హైదరాబాదులోని తన ఖాలా ఇంటికి పంపాము. అక్కడే పది, ఇంటరు, డిగ్రీ, ఆ ఇంటి నుండే నిఖా. పన్నెండేళ్ళకు ఇల్లు విడిచిన బిడ్డ మళ్ళీ మా ఇంట్లో పండుగలకు తప్ప నిలవలేదు. మూడు కిలోమీటర్ల దూరానికి సైకిలు ఇవ్వని మేము, నగరం దాకా సాగనంపాము. మా శ్రీమతి ఆ సంవత్సరమంతా అమ్మాయి పళ్ళెం కడిగి బోర్లించేది, తినేవారు లేకపోయినా. ఇదంతా మాకు తెలియదని కాదు. తెలిసీ దానిని అమ్మాయి చదువు కోసం మేము చేసిన త్యాగమని పదిమందికీ చెప్పుకున్నాము.

బాట గురించి కొంచెం చెప్పాలి. పాడ్‌స్టో వదలగానే ఒక వాగు సముద్రపు పాయలో కలిసేచోట మూడు కమానుల ఇనుప వంతెన వస్తుంది, రైలు కోసం కట్టినదే. దాని మీద చక్రాల కింద పలకలు దడదడలాడాయి. ఆటుపోట్లు ఉన్న నది అది. మేము బయలుదేరినప్పుడు నీళ్ళు లేవు, మైళ్ళ కొద్దీ తడి ఇసుక మెరుస్తూ ఉంది, తెల్లకొంగలు నిలబడి ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు అదే చోట నీళ్ళు కట్ట అంచుదాకా వచ్చి పడవలు తేలాయి. ఒకవైపు నది, మరోవైపు రాతిని తొలిచిన గోడ, దాని మీద నాచు. పాత పలకరాతి గనుల చెత్త కుప్పలు అక్కడక్కడ. ఆ పై ఎత్తున ఉన్న బాడ్మిన్ బీడుభూమి మా నేలవలెనే గ్రానైటు అని అల్లుడు చెప్పారు. మా ఊరి గుట్టలు గుర్తుకు వచ్చాయి. జనం మాత్రం మాల్ సంతలోవలె ఉన్నారు. కుక్కలు, పసిపిల్లలు, జంట సైకిళ్ళు. మాకు మొదటి కిలోమీటరు భయం. మెడ తిరగదు గనుక వెనుక ఎవరు వస్తున్నారో చూడలేము. అది గమనించి అమ్మాయి కొంతసేపటికి మా వెనుకకు వచ్చింది. ఎవరైనా దాటబోతే ముందుగా ‘అబ్బా, ఎడమకు’ అనేది. మా మెడ తానైంది.

దారి మధ్యలో ఒక చెక్కబల్ల దగ్గర ఆగాము. జుహ్ర్ వేళయింది. ఫోనులో దిక్కు చూశాము. మర్రిగూడలో ఖిబ్లా పడమర, కొద్దిగా ఉత్తరానికి. అక్కడ ఆగ్నేయం వైపు తిరగాలి. ఎన్ని ఏళ్ళ అలవాటు, శరీరం తనంతట తానే పడమటికి తిరిగింది! అమ్మాయి భుజం పట్టి సరిచేసింది. ప్రయాణికుల నమాజు రెండు రకాతులు బల్ల మీద కూర్చుని చేశాము, అమ్మాయి వెనుక గడ్డి మీద చేసింది. సలాం తరువాత లేవలేదు.

‘ఎప్పుడు నేర్చుకున్నావు బేటీ?’

‘రెండేళ్ళయింది అబ్బా. ఆదివారాలు ఖాళీగా ఉండే కారు పార్కింగు ఉంది మా ఇంటి దగ్గర. ఆడవాళ్ళం పదిమందిమి నేర్చుకున్నాం. మూడుసార్లు పడ్డాను.’

‘ఫోనులో ఎన్నడూ చెప్పలేదు.’

‘మీరు ఏమంటారోనని.’

ముప్పై దాటిన స్త్రీ, ఒక బిడ్డ తల్లి, రెండేళ్ళుగా తండ్రికి భయపడి సైకిలును దాచింది. మేము ఎందరో పిల్లలకు నిజం చెప్పమని నేర్పినవారము. మా ఇంటి బిడ్డకు మాత్రం దాచడం నేర్పాము. మా గొంతు పెగలడానికి కొంతసేపు పట్టింది. ‘ఆనాడు మేము తప్పు చేశాము, మాఫ్ చేయి’ అన్నాము. తండ్రులు బిడ్డలను క్షమాపణ అడగడం మన ఇళ్ళలో అరుదు. మేమూ అంతకుముందు ఎన్నడూ అడగలేదు.

అమ్మాయి వెంటనే ఏమీ అనలేదు. కూతురి బూటు లేసు కట్టింది. తరువాత నెమ్మదిగా, ‘వద్దన్నందుకు కాదు అబ్బా. వద్దంటే ఒకటి రెండు రోజులు ఏడ్చి మరిచేదాన్ని. ధర్మం కాదన్నారు. నేను దాన్ని నిజమని చాలా ఏళ్ళు నమ్మాను. హైదరాబాదులో సైకిలు మీద పోయే ముస్లిం అమ్మాయిలను చూసి వాళ్ళు చెడ్డవాళ్ళని అనుకున్నాను’ అంది.

ముప్పై ఏళ్ళుగా ఫిఖ్‌హ్ బోధిస్తున్నాము. హలాలు అయినదానిని హరాము అనడం ఎంత పెద్ద బాధ్యతో తరగతిలో ఎన్నో గంటలు చెప్పాము. ఆ పాఠం అర్థమైనది మాత్రం ఆ చెక్కబల్ల మీదనే. మాఫ్ చేశానని అమ్మాయి అనలేదు. చేయలేదనీ అనలేదు. ‘లేవండి అబ్బా, అమ్మీ ఎదురుచూస్తుంటారు’ అని మా చేయి పట్టి లేపింది.

వేడ్‌బ్రిడ్జ్ చేరేసరికి తొడలు వణికాయి. అయినా ఇది రాయక తప్పదు, మోకాళ్ళు నొప్పి పుట్టలేదు. తొమ్మిది కిలోమీటర్లు! మా శ్రీమతి ఒడ్డున నిలబడి, ముందు అమ్మాయినీ తరువాత మమ్మల్నీ చూసి, ముఖం పక్కకు తిప్పుకుని దుపట్టాతో కళ్ళు తుడుచుకున్నారు. ఆమెకు సంగతి ముందే తెలుసునని తరువాత తెలిసింది. ఆ ఊళ్ళో నది మీద 15వ శతాబ్దపు రాతి వంతెన ఉంది. నది దాటుతూ మనుషులూ పశువులూ మునిగి చనిపోవడం చూసి తాళలేక, అక్కడి చర్చి గురువు ఒకాయన పూనుకుని కట్టించారట. ఇప్పటికీ దాని మీద బండ్లు పోతున్నాయి. మా వృత్తివంటి వృత్తిలోని మనిషి ప్రజలకు దారి ఇచ్చి వెళ్ళాడు. మాకు వెంటనే మదరసా ముందు గుంతలరోడ్డు గుర్తుకు వచ్చింది. దారిలోని ముల్లు తీయడం విశ్వాసంలో భాగమని ప్రవచనం చెప్పే మేము, ఆ గుంతలను సర్పంచి పని అని వదిలేశాము.

తిరుగు ప్రయాణంలో సముద్రపు గాలి ఎదురుగా వీచింది. అల్లుడు కారులో రమ్మన్నారు. మేము సైకిలునే కోరుకున్నాము. ఈసారి అమ్మాయి ముందు, మేము వెనుక. తన వీపు చాటున మాకు గాలి తగలకుండా వేగం తగ్గించి తొక్కింది. వెనుక చక్రం మీద మనవరాలు కాళ్ళు తొక్కడం మాని, ఇంకా ఒంటె కోసం చూస్తూనే ఉంది.

మర్రిగూడకు తిరిగి వచ్చిన మూడో వారం, జుమా నమాజు తరువాత ఒక తండ్రి మా దగ్గరకు వచ్చారు. వెంట కూతురు, ఎనిమిదో తరగతి. చేతిలో ప్రభుత్వ బడికి దాత ఎవరో ఇచ్చిన సైకిలు. ‘మౌల్వీసాబ్, పిల్ల దీని మీద పోతానంటున్నది. మీరు ఏమంటారు?’ అని అడిగారు. పిల్ల తల వంచుకుని హ్యాండిలు పట్టుకుని ఉంది. మేము సైకిలు దగ్గరకు వెళ్ళి వెనుక బ్రేకు నొక్కి చూశాము. వదులుగా ఉంది. లోపలి నుండి పానా తెప్పించాము.